చంటిపిల్లలతో దూర ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎనిమిదేళ్లుగా సంక్రాంతికీ వేసవి సెలవులకీ హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం వైపు, ఇద్దరు పిల్లలతో తిరుగుతున్నాను. మా బంధువుల్లో, పక్క ఫ్లాట్లలో కొత్తగా తల్లులైనవాళ్లు ప్రయాణం దగ్గరపడగానే ఫోన్ చేస్తారు. అందరివీ దాదాపు అవే సందేహాలు. అందుకే వాటిని వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. పిల్లలు ప్రయాణంలో ఊరికే పేచీ పెట్టరు. నిద్ర చాలకపోయినా, ఆకలేసినా, ఉక్కపోసినా ఏడుస్తారు. నేనిచ్చే జవాబులన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

## టికెట్లు తీసుకునే ముందు

పాపకి ఎన్నో నెల వచ్చాక దూరం తీసుకెళ్లొచ్చు?

మన ఇళ్లలో పుట్టింటి నుంచి బిడ్డను మూడో నెలలోనో ఐదో నెలలోనో తీసుకొస్తారు. నెలలు నిండి పుట్టి, బరువు బాగా పెరుగుతున్న బిడ్డకు అది ఇబ్బందేమీ కాదు. నెలలు నిండకుండా పుట్టినా, ఊపిరికి సంబంధించిన సమస్య ఉన్నా డాక్టర్‌ను అడగకుండా కదలొద్దు. 6, 10, 14 వారాలకు టీకాలుంటాయి. టీకా వేయించాక ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు కాబట్టి ఆ మర్నాడే ప్రయాణం పెట్టుకోకండి. నిజానికి తల్లిపాలే తాగే నాలుగు నెలల బిడ్డతో వెళ్లడం చాలా తేలిక. కష్టమంతా ఏడాది నుంచి రెండున్నరేళ్ల మధ్య. కొత్తగా నడక వచ్చిన పిల్లల్ని ఒక్కచోట కూర్చోబెట్టలేం.

పగటి రైలు మంచిదా, రాత్రి రైలా?

మూడేళ్ల లోపు పిల్లలకు రాత్రి రైలే. సాయంత్రం ఎక్కి, అన్నం పెట్టి పడుకోబెడితే సగం దూరం నిద్రలోనే గడిచిపోతుంది. సికింద్రాబాద్, విశాఖపట్నం మధ్య వందే భారత్ 2023 జనవరిలో మొదలైంది. దాదాపు 700 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు. వేగంగానే చేరుస్తుంది కానీ అన్నీ కూర్చునే సీట్లే, బిడ్డను పడుకోబెట్టడానికి చోటుండదు. నాలుగైదేళ్లు దాటి, కిటికీ పక్కన కూర్చుని చూడటం ఇష్టపడే పిల్లలకు అది చాలా బాగుంటుంది.

మా బాబుకి నాలుగేళ్లు. టికెట్ తీయాలా?

రైల్లో ఐదేళ్ల లోపు పిల్లలకు విడిగా బెర్త్ అడగకపోతే టికెట్ అక్కర్లేదు. బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీ కట్టాలి. ఐదు నిండి పన్నెండు లోపు ఉంటే, బెర్త్ లేకుండా సగం ఛార్జీ, బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీ. 2016 ఏప్రిల్ నుంచి ఇదే పద్ధతి. నా మాట వింటే, రాత్రి ప్రయాణానికి మూడేళ్లు దాటిన పిల్లలకు డబ్బు పెట్టి బెర్త్ తీసుకోండి. ఒకే బెర్త్ మీద తల్లీ, ఎదిగిన పిల్లాడూ పడుకుంటే ఇద్దరికీ నిద్ర ఉండదు. వయసు చూపించడానికి పిల్లల ఆధార్ గానీ, జనన ధ్రువపత్రం గానీ దగ్గర ఉంచుకోండి.

సంక్రాంతికి టికెట్లు ఎప్పుడూ దొరకవు. ఏం చేయాలి?

2024 నవంబర్ నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు. అంతకుముందు 120 రోజులు ఉండేది. జనవరి 12న బయలుదేరాలంటే నవంబర్ 13న ఉదయం 8 గంటలకు ఫోన్ పట్టుకుని సిద్ధంగా ఉండాలి. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ముందే జోడించుకోండి, పేర్లూ వయసులూ ముందే ఎక్కించి పెట్టుకోండి. పండగ ముందు రెండు రోజులూ దొరకకపోతే నాలుగు రోజులు ముందుగా వెళ్లిపోండి. ఆర్‌ఏసీ వస్తే ఒక సైడ్ లోయర్ బెర్త్‌ను ఇద్దరు పంచుకోవాలి. చంటిబిడ్డతో అది నరకం, దానికి సిద్ధపడకండి.

కింది బెర్త్ ఎలా వస్తుంది?

గర్భిణులకు, 45 ఏళ్లు దాటిన మహిళలకు, వృద్ధులకు కింది బెర్త్ కోటా ఉంది. అమ్మమ్మో నానమ్మో కూడా వస్తుంటే ఆ వీలు వాడుకోవచ్చు. మామూలు బుకింగ్‌లో కూడా కింది బెర్త్ ఉంటేనే టికెట్ ఇవ్వమని ఎంచుకోవచ్చు. రాకపోతే రైలెక్కాక పక్కవాళ్లను అడగండి. బిడ్డను చూస్తే చాలామంది కాదనరు. అడగడానికి మొహమాటపడి రాత్రంతా మిడిల్ బెర్త్ మీద భయంభయంగా గడపకండి.

స్లీపరా, ఏసీనా?

ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోతకి పిల్లలు అల్లాడిపోతారు కాబట్టి స్తోమత ఉంటే ఏసీయే. డిసెంబర్, జనవరిలో స్లీపర్ సరిపోతుంది, కిటికీ సందుల్లోంచి వచ్చే గాలికి చెవులు కప్పితే చాలు. ఏసీలో దుప్పట్లు ఇస్తారు కానీ బిడ్డకు ఇంటి దుప్పటే కప్పండి. ఆ వాసనకి నిద్ర త్వరగా వస్తుంది.

## సర్దుకునేటప్పుడు

బ్యాగులో ఏమేం పెట్టుకోవాలి?

పెద్ద సూట్‌కేస్ సీటు కిందకి వెళ్లిపోతుంది, మళ్లీ ఊళ్లోనే తీస్తాం. దారిలో కావాల్సినవన్నీ భుజానికి తగిలించుకునే ఒక చిన్న బ్యాగులో ఉండాలి. నేను ఒక్కో జత బట్టల్ని ఒక్కో కవర్లో పెడతాను. చీకట్లో ఒక కవర్ లాగితే చొక్కా, నిక్కరు, డైపర్ అన్నీ వచ్చేయాలి. పాత నూలు చీర ముక్కలు నాలుగు తప్పకుండా పెట్టుకోండి. తుడవడానికి, కప్పడానికి, పరవడానికి, ఎండ తగలకుండా కిటికీకి కట్టడానికి వాటిని మించినవి లేవు. తల్లికి కూడా ఒక జత బట్టలు పైన పెట్టుకోవాలి. వాంతి ఎప్పుడూ అమ్మ మీదే పడుతుంది. ఖాళీ కవర్లు, పాత పేపర్లు, చిన్న టార్చి, సబ్బు ముక్క ఉంటే చాలు. బొమ్మలు రెండే, వాటిలో ఒకటి పిల్లలు ఇంతకుముందు చూడనిది.

దారిలో తినడానికి ఏం పట్టుకెళ్లాలి?

ఆరు నెలల లోపు తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దు, నీళ్లు కూడా వద్దు. ఆ తర్వాత మన ఇంటి ఉగ్గే హాయి. బియ్యం, పెసరపప్పు వేయించి రవ్వలా పట్టిన పొడిని ఇంట్లోనే మెత్తగా ఉడికించి, వేడివేడిగా ఫుడ్ ఫ్లాస్క్‌లో పోసుకుని మొదటి పూటకి వాడండి. రెండో పూటకి అప్పటికప్పుడు వలిచి మెదిపే అరటిపండు ఉంది.

ఏడాదిన్నర దాటినవాళ్లకి నెయ్యి రాసిన ఇడ్లీ, పులిహోర (పల్లీలు తీసేసి), చపాతీ, సున్నుండలు. పెరుగన్నానికి మా అత్తయ్య పద్ధతి చాలా మంచిది. వేడి అన్నంలో పాలు పోసి గోరువెచ్చగా అయ్యాక కొంచెం పెరుగు తోడేస్తారు, రాత్రికి పులవకుండా సరిగ్గా తోడుకుంటుంది. వేసవిలో దాన్ని కూడా అయిదారు గంటల్లో తినేయాలి. కొబ్బరి చట్నీ, ఉడికించిన గుడ్లు ఎండాకాలంలో వద్దు.

రెండు విషయాల్లో రాజీ పడకండి. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించొద్దు. నాలుగేళ్ల లోపు పిల్లలకు పల్లీలు, బఠాణీలు, గట్టి చెగోడీలు ఇవ్వొద్దు. రైలు కుదుపుకి గొంతులో ఇరుక్కుంటే పక్కన ఆసుపత్రి ఉండదు.

డబ్బా పాలు తాగే బిడ్డకు పాలు ఎలా కలపాలి?

ముందే కలిపి పట్టుకెళ్లొద్దు. ఒక్కో పూటకి సరిపడా పొడిని కొలిచి వేర్వేరు చిన్న డబ్బాల్లో పోసుకోండి. మరిగించిన నీళ్లు మంచి ఫ్లాస్క్‌లో ఉంచి, బాగా వేడిగా ఉన్నప్పుడే పొడి కలిపి, ఆ సీసాను చల్లటి నీళ్లున్న గిన్నెలో పెట్టి చల్లార్చండి. కలిపిన పాలు రెండు గంటల్లోపు వాడాలి, బిడ్డ నోరు పెట్టి వదిలేసినవి గంట దాటితే పారబోయాలి. నీళ్లు అయిపోతే ప్యాంట్రీ ఉన్న రైల్లో అడిగితే వేడినీళ్లు ఇస్తారు. రైల్లోని ప్లగ్ పాయింట్లకు ఎలక్ట్రిక్ కెటిల్ పెట్టడం నిషేధం, అవి ఫోన్లకీ ల్యాప్‌టాప్‌లకీ మాత్రమే.

మందులు ఏవి దగ్గర ఉండాలి?

మీ పిల్లల డాక్టర్ బరువుని బట్టి మోతాదు రాసిచ్చిన పారాసిటమాల్, థర్మామీటర్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. పారాసిటమాల్ డ్రాప్స్, సిరప్ బలం ఒకటి కాదు. ఇంట్లో డ్రాప్స్ వాడి, ఊళ్లో సిరప్ కొని అదే కొలతతో పోయడం పొరపాటు. అందుకే ఇంట్లో వాడే సీసానే తీసుకెళ్లండి. పిల్లలు నిద్రపోతారని దగ్గు మందు పోయమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. అది ప్రమాదం.

## బయలుదేరే రోజు

ఏ బట్టలు వేయాలి?

ఉతికి ఉతికి మెత్తబడిన నూలు బట్టలు. మా పెద్దదానికి పద్నాలుగు నెలలప్పుడు, నానమ్మ వాళ్లు చూడగానే మురిసిపోవాలని కొత్త నెట్ గౌను వేసి రైలెక్కించాను. కాజీపేట దాటేసరికి ఏడుపు మొదలైంది. పాలు పట్టాను, ఎత్తుకుని తిప్పాను, డైపర్ మార్చాను. నాలుగు గంటలు ఏడ్చింది. చివరికి గౌను విప్పితే చంకల కింద, నడుము చుట్టూ ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. పాత జుబ్బా వేయగానే పది నిమిషాల్లో నిద్రపోయింది. ఆ ఎర్రటి గీతలు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి. కొత్త బట్టలు బ్యాగులో పెట్టుకుని, దిగే ముందు వేయండి.

ఇద్దరు పిల్లలతో ఒక్కదాన్నే వెళ్లాలి. టెన్షన్‌గా ఉంది, ఎలా?

ముందు సామాను తగ్గించండి. ఒక బ్యాగు వీపుకి, ఒకటి చక్రాలది, అంతే. చిన్నదాన్ని ఒంటికి కట్టుకునే క్యారియర్‌లోనో, గట్టిగా కట్టిన చున్నీలోనో ఉంచుకుంటే పెద్దవాడి చెయ్యి పట్టుకోవడానికి ఒక చెయ్యి ఖాళీగా ఉంటుంది. ఎక్కడానికి కూలీని మాట్లాడుకోండి, డబ్బు ముందే తేల్చుకోండి. ఆ డబ్బు వృథా అనుకోవద్దు. స్టేషన్‌కి గంట ముందు చేరితే పరుగులుండవు.

ఇక టాయిలెట్ సమస్య. ఒంటరిగా వెళ్లే తల్లులు నీళ్లు తాగడం మానేస్తారు, అది చేయకండి, పాలిచ్చే తల్లులు అసలు చేయకూడదు. ఎక్కగానే చుట్టుపక్కల పిల్లలున్న కుటుంబాన్నో, పెద్దావిడనో పలకరించండి. రెండు స్టేషన్లు దాటేసరికి కొంత పరిచయమవుతుంది. ఆవిడ చూస్తుండగా పెద్దవాణ్ని సీట్లో కూర్చోబెట్టి, చిన్నదాన్ని మీతోనే తీసుకెళ్లండి. అటు దించుకోవడానికి వచ్చేవాళ్లు ప్లాట్‌ఫాం మీదికే, మీ బోగీ ఆగే చోటికే రావాలని గట్టిగా చెప్పండి. ఇంకో మాట, ఇది ఇంట్లో మగవాళ్లకి. సెలవు దొరక్క మీరు వెళ్లలేకపోతే, సర్దడం, స్టేషన్లో ఎక్కించడం, రాత్రి పదింటికి ఒకసారి ఫోన్ చేయడం మీ పనే.

## రైల్లో

బెర్తుల మధ్య చీరతో ఉయ్యాల కట్టొచ్చా?

మన రైళ్లలో ఎప్పటినుంచో కడుతున్నారు, పిల్లలు హాయిగా నిద్రపోతారు. నేనూ కట్టాను. అయితే నూలు చీరే వాడండి, సిల్కు, సింథటిక్ చీరల ముడి జారిపోతుంది. ఉయ్యాల అడుగు కింది బెర్త్ ఎత్తుకి మించకూడదు. కట్టాక ముందు మీ చేతుల బరువంతా వేసి లాగి చూడండి. బిడ్డ ముఖం కనపడుతూ ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు. మీరు మెలకువగా పక్కన కూర్చున్నంతసేపే ఉయ్యాల. మీకు కునుకు వస్తుంటే బిడ్డను తీసి బెర్త్ మీద గోడవైపు పడుకోబెట్టండి.

డైపర్ ఎక్కడ మార్చాలి, ఎక్కడ పడేయాలి?

టాయిలెట్లో చోటుండదు, తడిగా ఉంటుంది. బెర్త్ మీదే ప్లాస్టిక్ షీటు, దాని మీద నూలు గుడ్డ పరిచి, చీరముక్క అడ్డం పెట్టి మార్చండి. మూడు నాలుగు గంటలకొకసారి, తడి తెలియకపోయినా మార్చాలి. వాడింది పేపర్లో చుట్టి, కవర్లో కట్టి, బోగీ చివర చెత్తబుట్టలో వేయండి. ఇప్పుడున్నవి బయో టాయిలెట్లు. డైపర్ అందులో పడేస్తే పూడుకుపోయి, ఆ బోగీలో అందరూ తెల్లవార్లూ ఇబ్బంది పడతారు.

రాత్రి ఏడుస్తుంటే పక్కవాళ్లు విసుక్కుంటారేమో?

కొందరు విసుక్కుంటారు. ఎక్కగానే ‘చిన్నపాపండీ, రాత్రి ఏడిస్తే ఏమనుకోకండి’ అని మీరే ముందు చెప్పండి. ఆ ఒక్క మాటకి చాలామంది మెత్తబడతారు, వాళ్లే ఎత్తుకుని ఆడిస్తారు. ఏడుపు ఆగకపోతే వరసగా చూసుకోండి: ఆకలా, తడా, చెమటా, ఏసీ గాలి నేరుగా తగులుతోందా, బట్ట ఒరుసుకుంటోందా. తల్లి కంగారు పడితే బిడ్డ ఇంకా ఏడుస్తుంది. బిడ్డ ఏడవడం మీరు చేసిన తప్పు కాదు.

ఫోన్ ఇవ్వకుండా ఎలా ఆడించాలి?

ఫోన్ అసలు ఇవ్వొద్దని నేను అనను, చివరి రెండు గంటలకు దాచుకోండి. ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, దారిలో సిగ్నల్ పోతుంటుంది. అంతవరకూ కిటికీ చాలు. స్టేషన్ వచ్చినప్పుడల్లా పసుపు బోర్డు చదివించండి. ఒకే పేరు తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో ఉంటుంది. మా బాబు ‘ల’ వత్తు నేర్చుకుంది తాడేపల్లిగూడెం బోర్డు మీద ‘ల్లి’ చూసే. బోర్డు కింద సముద్ర మట్టానికి ఎంత ఎత్తో కూడా రాసి ఉంటుంది. సికింద్రాబాద్ నుంచి కోస్తాకి దిగుతుంటే ఆ అంకె తగ్గుతూ పోవడం ఆరేడేళ్ల పిల్లలకు పెద్ద ఆట.

పొడుపు కథలు వేయండి. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు’ అంటే కళ్లు మూసి తెరిచి తామే కనిపెడతారు. పగటిపూట అయితే కొవ్వూరు దాటి గోదావరి వంతెన వచ్చేముందు నిద్రలో ఉన్నా లేపండి. పక్కన కనిపించే పాత హేవ్‌లాక్ వంతెన మీద 1900 నుంచి 1997 దాకా రైళ్లు నడిచాయని, తాతయ్య చిన్నప్పుడు దాని మీదే వెళ్లారని చెప్పండి. మా పిల్లలకు ఊరంటే ముందు గుర్తొచ్చేది ఆ వంతెనే.

రైల్లో పిల్లలకు ఏ ప్రమాదాలు ఎక్కువ?

నేను చూసినవాటిలో వేళ్లు నలగడమే ఎక్కువ. కిటికీ షట్టరు పూర్తిగా పైకెత్తి గొళ్లెం పడిందో లేదో చూడండి. టాయిలెట్ తలుపు సందు, బోగీల మధ్య దారి రెండోవి. పిల్లల్ని పై బెర్త్‌లో, మిడిల్ బెర్త్‌లో పడుకోబెట్టొద్దు. తలుపు దగ్గర గాలికి నిలబడటం పెద్దవాళ్లతో కలిసి కూడా వద్దు. వేడి టీ, సూప్ అమ్మేవాళ్లు వస్తున్నప్పుడు దారిలో కాళ్లు పెట్టి కూర్చోనివ్వకండి.

స్టేషన్లో తప్పిపోతారేమోనని భయం.

బయలుదేరే రోజు ఉదయం ఆ బట్టల్లోనే ఒక ఫోటో తీసుకోండి. రెండు ఫోన్ నంబర్లు రాసిన చీటీ జేబులో పెట్టి పిన్నుతో కుట్టండి. మూడేళ్లు దాటినవాళ్లకి ‘అమ్మ కనపడకపోతే ఉన్నచోటే నిలబడి గట్టిగా పిలువు, యూనిఫాం వేసుకున్న పోలీసులకు చెప్పు’ అని ఇంట్లోనే ఆటలా నేర్పండి. జరిగితే ఆలస్యం చేయకుండా ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లకు, రైల్వే హెల్ప్‌లైన్ 139కి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి.

రెండు నిమిషాలే ఆగే స్టేషన్లో ఎలా దిగాలి?

శ్రీకాకుళం వెళ్లేవాళ్లు దిగేది ఆమదాలవలసలో, శ్రీకాకుళం రోడ్ స్టేషన్. ఇలాంటి చోట్ల అరగంట ముందే అలారం పెట్టుకుని లేవాలి. ఆ దారిలో చాలా రైళ్లకు విశాఖలో ఇంజన్ ఇటు నుంచి అటు మారుస్తారు, కాసేపు ఆగుతుంది. డైపర్ మార్చడం, చెప్పులు వేయడం అప్పుడే పూర్తి చేయండి. దిగేటప్పుడు ముందు ఒక పెద్దమనిషి, తర్వాత పిల్లలు, తర్వాత సామాను, చివర ఇంకో పెద్దమనిషి. రైలు కదిలితే సామాను వదిలేయండి, బిడ్డతో దూకొద్దు.

## కారులో, బస్సులో

ఒళ్లో కూర్చోబెట్టుకుంటే చాలదా, కార్ సీట్ కావాలా?

చాలదు. ఈ విషయంలో పెద్దవాళ్లతో వాదించడానికైనా నేను సిద్ధం. సడన్ బ్రేక్ పడితే పది కిలోల బిడ్డను ఎంత బలమైన చేతులూ పట్టుకోలేవు. ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుంటే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్న దెబ్బ బిడ్డకే తగులుతుంది. చంటిబిడ్డ సీటు వెనక సీట్లో, బిడ్డ ముఖం వెనక్కి ఉండేలా బిగించాలి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే 1000 రూపాయల జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. జరిమానా సంగతి అటుంచితే, హైదరాబాద్, విజయవాడ మధ్య 270 కిలోమీటర్ల రోడ్డు మీద ఎంత వేగంగా వెళ్తారో మీకు తెలుసు. ఏడ్చి అలవాటు పడటానికి వారం ముందు నుంచే ఊళ్లో చిన్న దూరాలకు ఆ సీట్లో తిప్పండి.

కారెక్కితే వాంతులు. ఏం చేయాలి?

రెండేళ్ల లోపు తక్కువ, రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య ఎక్కువ. కళ్లు ఫోన్ మీద, ఒళ్లేమో కదులుతూ ఉంటే కడుపులో తిప్పుతుంది. అందుకే ఫోను, పుస్తకం పక్కన పెట్టి, ఎదురుగా దూరంగా కనిపించే రోడ్డు చూపించండి. ఖాళీ కడుపుతోనూ, పూరీలు తిన్న కడుపుతోనూ ఎక్కించొద్దు, రెండు ఇడ్లీలు చాలు. కిటికీ కొంచెం దించండి, కారులో సెంటు వాసన వద్దు. రెండు గంటలకొకసారి ఆపి పది నిమిషాలు నడిపించండి. మాత్ర అవసరమైతే వయసు చెప్పి డాక్టర్‌ను అడగాలి. కారు ఆపి టీ తాగేటప్పుడు నిద్రపోతున్న బిడ్డను లోపల వదిలి అద్దాలు ఎత్తొద్దు. కొద్ది నిమిషాల్లోనే లోపల వేడి ప్రాణం తీసేంత అవుతుంది.

రాత్రి స్లీపర్ బస్సు ఎలా ఉంటుంది?

రెండేళ్ల లోపు బిడ్డతో నేను వద్దంటాను. టాయిలెట్ ఉండదు, అడిగినచోట ఆపరు. తప్పకపోతే కింది బెర్త్ తీసుకోండి, ఎక్కగానే అత్యవసర ద్వారం, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడున్నాయో చూసుకోండి.

## విమానంలో

విమానం దిగేటప్పుడు చెవి నొప్పి రాకుండా?

ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు బిడ్డ ఏదైనా మింగుతూ ఉండాలి. పాలివ్వండి, సీసా ఇవ్వండి, పెద్దపిల్లలకు నీళ్లు గుక్కగుక్కగా పట్టండి. నేల తాకడానికి దాదాపు అరగంట ముందే దిగడం మొదలవుతుంది, నిద్రపోతుంటే అప్పుడే లేపండి. జలుబు, చెవిలో చీము ఉంటే ముందే డాక్టర్‌కు చూపించాలి. బిడ్డకు కావాల్సిన పాలు, ఆహారం సెక్యూరిటీ దగ్గర చూపించి తీసుకెళ్లవచ్చు.

అమెరికా నుంచి పాపతో మొదటిసారి వస్తున్నాం. ఏం చూసుకోవాలి?

రెండేళ్ల లోపు ఒళ్లో టికెట్ సరిపోతుంది, కానీ తిరుగు ప్రయాణానికి రెండు నిండితే సీటు కొనాలి. పుట్టినరోజు లెక్క చూసుకోండి. గోడకు తగిలించే ఉయ్యాల తొట్టి కొన్ని సీట్ల ముందే ఉంటుంది, బరువు పరిమితి కూడా ఉంటుంది, టికెట్ కొన్న రోజే అడగండి. అక్కడ పుట్టిన బిడ్డకు పాస్‌పోర్ట్‌తో పాటు వీసా గానీ ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకిచ్చే కార్డు) గానీ కావాలి. మధ్యలో విమానం మారడానికి కనీసం మూడు గంటలు ఉండేలా చూసుకోండి, పరుగెత్తే పరిస్థితి వద్దు.

## ఊరు చేరాక

చేరాక రెండు రోజులు చిరాగ్గా ఉంటుంది. ఎందుకు?

నిద్ర చాలక, పైగా ఒకేసారి ఇరవై కొత్త ముఖాలు. అమ్మమ్మ దిష్టి తీస్తే తీయనివ్వండి, ఆవిడ ప్రేమ అది. తర్వాత గోరువెచ్చటి నీళ్లు పోసి, చీకటి గదిలో పడుకోబెట్టి, చూడటానికి వచ్చినవాళ్లను సాయంత్రం రమ్మనండి. అమెరికా నుంచి వచ్చిన పిల్లలకు పగలు ఎండలో ఆడితే వేళలు త్వరగా మారతాయి, అయినా వారం పట్టొచ్చు.

విరేచనాలు మొదలయ్యాయి. తిరుగు ప్రయాణం ఎల్లుండే.

ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్టును లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం ఒకేసారి కలిపి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపాలి. తల్లిపాలు, మామూలు తిండి ఆపొద్దు. ఒంటేలు తగ్గినా, కళ్లు లోపలికి పోయినా, మగతగా ఉన్నా, రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. టికెట్ రద్దు చేసుకోండి. ఆఫీసుకి ఫోన్ చేసి ఇంకో రెండు రోజులు సెలవు అడగండి.